గీజరు ఎందుకు ఆగిందో నాకు తెలుసు

మిర్యాలగూడలో మా అత్తగారింట్లో గ్యాసు గీజరు రోజూ ఆగిపోయిన ఆ పది పన్నెండు రోజులు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. కోడలు సంతోషంగా ఉందా, ఉంటే ఎందుకుంది అని అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు గనుక, చెప్పుకునే అవసరం కూడా రాలేదు.

ఆ సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే అంతకు మూడేళ్లు వెనక్కి పోవాలి. అది నా మొదటి కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు. నా పుట్టిల్లు కోదాడ. అక్కడ మా నాన్న ఒక్కడే ఉండేవాడు. అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. ఆడదిక్కు లేని ఇంట్లో పురుడు ఎవరు పోస్తారని మిర్యాలగూడలోనే కానిచ్చారు. సర్కారు దవాఖానాలో కొడుకు పుట్టాడు. ఐదో రోజు ఇంటికి తీసుకొచ్చారు.

వానాకాలం. బాలింత స్నానానికి నీళ్లు బాగా కాగాలి. మా ఇంట్లో ఉన్నది ఊక పొయ్యి. రేకు డబ్బాలో ఊక దట్టించి అంటిస్తే గంటల తరబడి మండుతుంది. బియ్యం మిల్లుల ఊళ్లో ఊకకు కరువా? అయినా మా అత్త ఊక తడిసిందన్నది. గోరువెచ్చగా కూడా లేని నీళ్లు నెత్తిన రెండు చెంబులు పోసి, “మా కాలంల గివన్ని ఎక్కడియి? చన్నీళ్లు పోసుకొని నాట్లకు పోయినం” అన్నది. ఆమె ఏనాడూ నాట్లకు పోలేదు. గరిడేపల్లి వైపు పెద్ద మోతుబరి ఇంట్లో పుట్టింది. ఆమె పురుట్లో నీళ్లు కాచి పోయడానికే ఇద్దరు మనుషులుండేవారని ఆమె నోటితోనే ఎన్నోసార్లు విన్నాను.

మూడో నాటికి నాకు చలిజ్వరం వచ్చింది. ఒళ్లంతా వణుకు. పాలు ఎండిపోయాయి. నా కొడుకు డబ్బా పాల మీద పెరిగాడు. అంతవరకైనా ఓర్చుకునేదాన్ని. చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషి ముందూ మా అత్త, “దీని పాలల్ల సత్తువ లేదు” అని చెప్పింది. తడిసిన ఊక మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు. మా ఆడబిడ్డ, అంటే నా భర్తకు అక్క, సూర్యాపేట నుంచి పిల్లవాణ్ణి చూడటానికి వచ్చి పక్కనే కూర్చుంది. ఆమె కూడా తలూపి, “తల్లి లేని పిల్లనాయె, ఎవలు నేర్పుతరు” అన్నది. జాలిపడే అన్నదేమో. ఆ జాలి నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

పగ పెంచుకోవడం కష్టమని అనుకుంటారు గాని, అదేం పెద్ద విద్య కాదు. మరచిపోకుండా ఉంటే చాలు. రోజూ అదే పొయ్యి దగ్గర కూర్చుని అదే ఊక దట్టిస్తుంటే మరచిపోవడమే కష్టం. తల్లీకూతుళ్లిద్దరినీ నేను మరచిపోలేదు. అవకాశం కోసం కాచుకుని కూర్చున్నానని కాదు. వస్తే వదలకూడదని మాత్రం అనుకున్నాను.

పెళ్లయిన ఏడేళ్లకు మా ఆడబిడ్డ నీళ్లోసుకుంది. ఏడేళ్లు మొక్కని దేవుడు లేడు, కట్టని ముడుపు లేదు. ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చారు. మా అత్త కాళ్లు నేల మీద నిలవలేదు. బొంబాయిలో పనిచేసే నా మరిది, అక్క స్నానాలకు ఇబ్బంది కాకూడదని ఒక గ్యాసు గీజరు మోసుకొచ్చాడు. రైల్లో రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానన్నాడు. తెల్లటి రేకు పెట్టె. దాన్ని స్నానాలగది గోడకు బిగించాడు. గ్యాసు బండను బయట వసారాలో, అదే గోడకు ఆనించి పెట్టి, గోడకు కన్నం కొట్టి రబ్బరు గొట్టం లోపలికి తీశాడు. నల్లా తిప్పగానే భగ్గున మంట లేచేది. నిమిషంలో పొగలు కక్కే నీళ్లు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు. మా అత్త ఒక్కొక్కరికీ నల్లా తిప్పి చూపించింది. నా కాన్పుకు తడిసిన ఊక, కూతురి కాన్పుకు బొంబాయి గీజరు. రెంటినీ పోల్చి చూసుకోకుండా ఎలా ఉంటాను?

మరిది రెండు రోజులుండి వెళ్లిపోయాడు. గీజరుతో వచ్చిన చిన్న పుస్తకాన్ని వంటింటి గూట్లో పెట్టిపోయాడు. ఆ ఇంట్లో దాన్ని చదివింది నేనొక్కదాన్నే. మా నాన్న కోదాడలో ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. మిషన్‌తో వచ్చిన కాగితం చదవకుండా మిషన్ ముట్టుకోవడం మా ఇంట్లో పాపం కిందే లెక్క. పుస్తకంలో ఇంగ్లీషూ హిందీ ఉన్నాయి, అవి రాకపోయినా అర్థమయ్యేటట్టు బొమ్మలున్నాయి. ఒక బొమ్మలో మూసిన కిటికీ మీద ఎర్రటి అడ్డగీతలు కొట్టారు.

పక్కన రాసింది ఇది. గీజరు లోపల ఒక చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. గదిలో గాలి తగ్గితే ఆ మంట ఆరిపోతుంది, అది ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోతుంది. అది గీజరు చెడిపోవడం కాదు. అప్పుడు తలుపులూ కిటికీలూ తెరిచి, కాసేపు ఆగి, మళ్లీ వెలిగించాలి. మళ్లీ మళ్లీ ఆగుతుంటే గదికి గాలి చాలడం లేదని తెలుసుకోవాలి. చదివి మళ్లీ గూట్లో పెట్టాను. రెండు నెలలు అందరం స్నానాలు చేశాం. కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండేది. గీజరు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆడబిడ్డకు ఆడపిల్ల పుట్టింది. బాలింతకు గాలి తగలకూడదు గదా. చెవుల్లో దూది, తల చుట్టూ గుడ్డ. మా ఆయన కూడా ఊళ్లో ఒక బియ్యం మిల్లులో పని చేసేవాడు గనుక ఇంట్లో ఖాళీ గోనెసంచులకు కొదవ లేదు. మా అత్త రెండు సంచులు మడిచి స్నానాలగది కిటికీలో దట్టించింది. తలుపు కింద సందులో పాత చీర కుక్కింది. వెలుగు కూడా రాకుండా, వేలు పెట్టి తడిమి మరీ చూసుకుంది. అంత శ్రద్ధలో పదోవంతు నా కాన్పప్పుడు ఉంటే నా కొడుకు నా పాలు తాగేవాడు.

మొదటి రోజు స్నానం మొదలై కాసేపయిందో లేదో గీజరు ఆగిపోయింది. నల్లాలోంచి చన్నీళ్లు వచ్చి కూతురి వీపున పడ్డాయి. లోపలి నుంచి కేక వినబడింది. మా అత్త తలుపు తోసుకుని బయటికొచ్చింది.

“ఏం చేసినవే దాన్ని?” అన్నది నాతో.

“నేనేం చెయ్యలే అత్తమ్మా. నేను గీడ కూరగాయలు కోస్తున్న.”

“పొద్దుగాల నువ్వే గద ముట్టినవ్? నువ్వు ముట్టినంకనే ఆగింది.”

ఆమె గుమ్మంలో నిలబడి నన్ను తిడుతున్నంతసేపూ తలుపు బార్లా తెరిచే ఉంది. తిట్టడం అయ్యాక లోపలికి పోయి అగ్గిపుల్ల గీసింది. గీజరు బుద్ధిగా వెలిగింది. మరికాసేపటికి మళ్లీ ఆగింది. మళ్లీ తలుపు తెరిచి నన్ను తిట్టింది, మళ్లీ వెలిగింది. రోజూ ఇదే వరస. రెండు మూడు రోజులకు ఆమెకు ఒక నమ్మకం కుదిరింది: నన్ను తిడితే గాని గీజరు వెలగదు. ఒకరకంగా నిజమే. నన్ను తిట్టడానికి తలుపు తెరిచినప్పుడే ఆ గదిలోకి కాస్త గాలి పోయేది. నా మీద పడ్డ తిట్లే ఆమె కూతుర్ని కాపాడుకుంటూ వచ్చాయి. ఈ సంగతి అప్పటికి నాకు కూడా తెలియదు.

నాకు తెలిసిందల్లా గీజరు ఎందుకు ఆగుతున్నదో. సంచులు తీస్తే ఆగదు. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఒళ్లంతా సున్నిపిండి పూసుకుని కూర్చున్న ఆడబిడ్డ, “అమ్మా, సలి పెడుతున్నదే” అని లోపల వణుకుతుంటే నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని. వణకనీ. నేను వణకలేదా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు మా అత్త ఒకసారి గీజరును తిట్టేది, ఒకసారి నన్ను, ఒకసారి చూడ్డానికొచ్చిన వీధి ఆడవాళ్ల కళ్లను. చివరికి గీజరుకు దిష్టి తీసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ దాని చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. గీజరు మెడ ఏదో తెలియక దాని నల్లాకు నిమ్మకాయ కట్టింది. ఆ రోజు నవ్వు ఆపుకోలేక నేను పెరట్లోకి పోవాల్సి వచ్చింది.

మా ఆడబిడ్డ తలనొప్పి అంటూ ఉండేది. స్నానం తర్వాత కళ్లు తిరుగుతున్నాయనేది. బాలింత నీరసం అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను, లేదా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

పదో రోజో పదకొండో రోజో మా నాన్నకు జ్వరమని కబురొచ్చింది. నా కొడుకును మా ఆయన దగ్గర వదిలి, హుజూర్‌నగర్‌లో బస్సు మారి కోదాడ పోయాను. నేను పోయేసరికి జ్వరం తగ్గి ఆయన మంచం మీద కూర్చుని జావ తాగుతున్నాడు. పుట్టింట్లో చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాం? గీజరు కథంతా చెప్పాను. మా అత్తలా నడుము మీద చేతులు పెట్టి నటించి చూపించాను. నిమ్మకాయ దగ్గరికొచ్చేసరికి నాకే మాట రాలేదు నవ్వుతో. మా నాన్న నవ్వలేదు. జావ గ్లాసు కింద పెట్టాడు.

“ఎందుకు ఆగుతుందో వాళ్లకి చెప్పావా?” అన్నాడు.

“చెప్పలేదు నాయినా.”

“ఎందుకని?”

ఎందుకో ఆయనకు తెలుసు. నా జ్వరమప్పుడు వచ్చి చూసి, అల్లుడింట్లో ఏమీ అనలేక బస్టాండులో నిలబడి కళ్లు తుడుచుకున్న మనిషి.

“మా బాయిలర్లో సీసం బిళ్ల ఒకటి ఉంటదమ్మా,” అన్నాడు ఆయన. “నీళ్లు తగ్గితే ఆ బిళ్ల కరిగిపోయి, ఆవిరి కిందికి కొట్టి మంటని ఆర్పేస్తది. ఆ రోజుకి మిల్లు ఖతం. షావుకారు నన్ను నోటికొచ్చినట్టు తిడతాడు. తిట్టనీ. అది కరక్కపోతే తిట్టటానికి ఆయనా ఉండడు, పడటానికి నేనూ ఉండను. ఆగిపోయే మిషన్‌తో భయం లేదు. ఆగకుండా చేస్తారు చూడు, అదీ భయం.”

“అది బాయిలరు. ఇది గీజరు.”

“మంట మంటే. గాలి చాలని మంట విషం కక్కుతది. వాసన రాదు, కంటికి కనపడదు. తలుపులేసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నోళ్లు పొద్దున లేవలేదని వినలేదా? తలనొప్పి, కళ్లు తిరగటం, అవి బాలింత నీరసం కాదు బిడ్డా. ఆ గీజరు రోజూ ఆగి ఆ పిల్లని బతికిస్తా ఉంది. రేపు పొద్దున ఫస్టు బస్సుకి పో. పోయి చెప్పు.”

“వాళ్లు నాకు చేసింది మర్చిపొమ్మంటవా?”

“మర్చిపొమ్మనలేదు. పోయి చెప్పమన్నా.”

అప్పటిదాకా నేను చేసింది అల్లరి అనుకోవచ్చు. ఆ సాయంత్రం తర్వాత అలా అనుకోవడానికి వీల్లేదు. మర్నాడు మొదటి బస్సులో కూర్చుని ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. పుస్తకం చూపించాలి. సంచులు నేనే తీసేయాలి. నా చేతి ఆట అయిపోతున్నదని బాధ కూడా కలిగింది. అబద్ధమెందుకు, ఆ పిల్ల బతుకుతుందన్న ఊరట కంటే ఆ బాధే ఎక్కువగా ఉంది.

నేను ఇంటికి చేరేసరికి మా అత్త స్నానానికి అంతా సిద్ధం చేస్తున్నది. మొహం వెలిగిపోతున్నది. నన్ను చూడగానే, “వచ్చినవా? ఇగ నీ కండ్లు దానికేం జెయ్యవు” అన్నది. ముందురోజు సాయంత్రం అల్లుడు సూర్యాపేట నుంచి ఒక మెకానిక్కును తీసుకొచ్చాడట. స్టవ్వులు బాగుచేసే మనిషి. గీజరు మూత విప్పి చూసి, అరగంటలో పని కానిచ్చి పోయాడట.

“ఎవరో దాన్ని తిప్పితిప్పి ఖరాబు చేసిండ్రన్నడు,” అన్నది మా అత్త. “ఎవరో నాకెర్క లేదా? కోదాడకు పోయినవు, గీజరు బాగైంది. పాలల్లనే కాదు, నీ చెయ్యిల గూడ దోషమే ఉన్నది.”

గదిలో పడుకుని ఉన్న ఆడబిడ్డ ఆ మాట విని నవ్వింది. పెద్ద నవ్వేం కాదు, తల్లి ఏదో అంటే కూతురు నవ్వినట్టు నవ్వింది. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. మూడేళ్ల కోపం ఒక్కసారి నెత్తికెక్కింది. చెప్పను, అనుకున్నాను. ఏమవుతుందో చూద్దాం.

గంగాళం లోపల పెట్టడానికి స్నానాలగదిలోకి పోయినప్పుడు గీజరు వైపు చూశాను. కింద రేకు కొంచెం పైకి లేచి ఉంది. లోపల గ్యాసును ఆపే చిన్న మీట ఉంటుంది. అది ఎప్పుడూ తెరుచుకునే ఉండేటట్టు రాగితీగతో నాలుగు చుట్లు చుట్టి బిగించి కట్టాడు ఆ మెకానిక్కు. ఇక అది ఆగదు. ఏం చేసినా ఆగదు. కిటికీలో గోనెసంచులు అలాగే ఉన్నాయి. నేను గంగాళం పెట్టి బయటికొచ్చాను.

ముందు నడిమింట్లో పసిపిల్లకు నీళ్లు పోసి, గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది మా అత్త. తర్వాత కూతుర్ని లోపలికి తీసుకుపోయింది. నేను పిల్లను ఎత్తుకుని వసారాలో, గ్యాసు బండ పక్కన నిలబడ్డాను. లోపల చెంబు చప్పుడు, నీళ్ల చప్పుడు. ఆగే సమయం వచ్చింది. ఆగలేదు. మా అత్త తలుపు తెరిచి బయటికొచ్చి, వెంటనే మూసి, కింద చీర సర్దింది. స్నానం అయ్యాక బాలింతను ఆ వేడి ఆవిర్లో కాసేపు కూర్చోబెట్టి చెమట పట్టించాలి. వేడి తగ్గకుండా నల్లా తిప్పే ఉంచింది.

“చూసినవా, ఎట్ల నడుస్తున్నదో,” అన్నది నాతో. “నేను సాంబ్రాణికి నిప్పులు తెస్త. తలుపు తియ్యకు. గాలి తగుల్తది.”

ఇంటి ముందుకు పోయింది. ఈ రోజు తిట్టడానికి ఎవరూ తలుపు తెరవలేదు. నాకు ఆ సంగతి అప్పుడు తట్టింది.

లోపల నీళ్లు పడుతూనే ఉన్నాయి. కాసేపటికి ఆడబిడ్డ గొంతు వినబడింది. “పిల్లా, గాడ ఉన్నవా? తల తిరుగుతున్నది. జర అమ్మను పిలువు.”

నేను పిలవలేదు. తలుపు తీయలేదు. బండ మీది రెగ్యులేటరు నా మోకాలికి తగులుతున్నది. వంగి తిప్పితే చాలు. నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. “వస్తది వదినా, కూసో” అన్నాను.

ఎంతసేపు నిలబడ్డానో సరిగ్గా చెప్పలేను. గంగాళంలో నీళ్ల చప్పుడు మారేంతసేపు. మొదట అడుగున పడుతున్న చప్పుడు, తర్వాత నిండుతున్న చప్పుడు. ఆ కాసేపూ నాకు భయం లేదు, జాలి లేదు. నా చలిజ్వరం గుర్తుంది. డబ్బా పాలు గుర్తున్నాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ రోజు పిల్లిని నేను. చేతిలో ఆమె బిడ్డ నా మెడ దగ్గర మొహం పెట్టుకుని పడుకుని ఉంది.

లోపల చెంబు నేల మీద పడి దొర్లింది. తర్వాత ఏదో బరువుగా గోడకు తగిలింది. “వదినా” అన్నాను. జవాబు లేదు. “వదినా” అని గట్టిగా పిలిచాను. నీళ్లు గంగాళం మీదుగా పొర్లుతున్న చప్పుడు ఒక్కటే వచ్చింది.

అప్పుడు కదిలాను. పిల్లను వసారాలో మడతమంచం మీద వేసి, రెగ్యులేటరు తిప్పేసి, తలుపు తన్నాను. ఆమె గోడకు జారిపడి ఉంది. మొహం ఎర్రగా, బాగా నిద్రపోతున్న మనిషిలా ఉంది. గీజరు ఆరిపోయేముందు దాని కింద మంట నీలం రంగు పోయి పసుపుగా లేచింది. ఊపిరి బిగబట్టి రెండు చంకల కింద చేతులు వేసి ఈడ్చాను. తడి చీరతోనే పెరట్లోకి, పైకప్పు లేని చోటికి లాగి పడుకోబెట్టాను. తలగుడ్డ విప్పేశాను. చెవుల్లో దూది తీసేశాను. వెనక్కి పోయి కిటికీలోంచి రెండు సంచులూ పీకి పారేశాను. ఆ రోజు గాలి బాగా వీస్తున్నది.

నిప్పుల పళ్లెంతో మా అత్త వచ్చింది. కూతురు పెరట్లో తడిబట్టలతో గాలిలో పడి ఉండటం చూసి పళ్లెం అక్కడే వదిలేసింది. “బాలెంతను గాలికేస్తవా? సంపుతవా నా బిడ్డను?” అంటూ ఆమెను లోపలికి లాగబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

“గాలే మందు అత్తమ్మా. లోపటికి తీసుకపోతే సస్తది. గీడనే ఉండనియ్యి.”

నా మొహంలో ఏం చూసిందో ఆగిపోయింది. కొంతసేపటికి ఆడబిడ్డ ఒకసారి పెద్దగా ఊపిరి తీసి, పక్కకు తిరిగి కక్కుకుంది. కళ్లు తెరిచింది. మళ్లీ మూసింది, మళ్లీ తెరిచింది. మా అత్త కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు విని వచ్చిన పక్కింటాయన, దవాఖానాకు పోను ఆటో తెస్తానని పరుగెత్తాడు. పసిపిల్ల ఏడుపు మొదలుపెడితే నేను పోయి ఎత్తుకొచ్చి, ఆడబిడ్డ తల దగ్గర నేల మీద కూర్చున్నాను. పిల్లను ఒళ్లో వేసుకున్నాను.

ఆడబిడ్డ నా వైపు చూసింది. మాట సరిగ్గా రావడం లేదు. “నువ్వే తీసినవా నన్ను?” అన్నది. తలూపాను. ఆమె కళ్ల పక్కల నుంచి నీళ్లు కారాయి. నా మోకాలి మీద చెయ్యి వేసింది. బతుకంతా రుణపడి ఉంటానన్నట్టు వేసింది. నాకు గెలిచినట్టే అనిపించింది. తల్లీకూతుళ్లిద్దరూ నా ముందు నేల మీద ఉన్నారు. ఇంక నేను పల్లెత్తు మాట పడనక్కర్లేదు.

ఆ ఊపులోనే అంతా చెప్పాను. చిన్న మంట ఎందుకు ఆరుతుందో, ఆగడం చెడిపోవడం ఎందుకు కాదో, గోనెసంచులు పెట్టిన నాటి నుంచే ఎందుకు మొదలైందో, మెకానిక్కు ఏం కట్టాడో. పుస్తకంలో కిటికీ బొమ్మ ఎలా ఉందో కూడా చెప్పాను. ఎవరి చెయ్యిలో దోషముందో ఇప్పుడు చెప్పమన్నాను. మా అత్త ఏడుపు ఆపి విన్నది. ఆమె తెలివితక్కువది కాదు. ఎప్పుడూ కాదు. అంతా విని, నెమ్మదిగా, తిట్టే గొంతు కాకుండా మామూలు గొంతుతో అడిగింది.

“గిదంత నీకు ఎప్పటి సంది ఎర్క?”

నిన్న కోదాడలో తెలిసిందని చెప్పొచ్చు. సగం నిజమే. ఆమె నమ్మేది కూడా. నోరు తెరిచాను గాని ఆ అబద్ధం రాలేదు.

“మొదటి దినం నుంచే,” అన్నాను.

నా మోకాలి మీది చెయ్యి కదిలింది. ఆడబిడ్డ ఇంకా తల ఎత్తలేకపోతున్నది. అయినా ఒక మోచేతి మీద ఆనుకుని, రెండో చెయ్యి చాపి, నా ఒళ్లో ఉన్న బిడ్డను గుడ్డ పట్టుకుని తన వైపు లాక్కుంది. నేను ఇచ్చేశాను.